షుగర్ జబ్బుకు మాత్ర, సూది, మూలిక: తేడా అంతా మోతాదు దగ్గరే

పెద్దవాళ్ల ఒంట్లో తిరిగే రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపు షుగర్ 100 అంటే డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మొత్తం రక్తంలో ఉన్న చక్కెర 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. మధ్యాహ్నం కంచంలో పెట్టుకునే 300 గ్రాముల అన్నం అరిగితే వచ్చే గ్లూకోజు 80 గ్రాముల పైమాటే. అంటే పదహారు చెంచాలు రెండు మూడు గంటల్లో రక్తంలోకి దిగుతాయి. అయినా ఆరోగ్యంగా ఉన్నవారిలో లెక్క 140 దాటడం అరుదు. వచ్చిన చక్కెరను వచ్చినట్టే కండరాలకు, కాలేయానికి, కొవ్వు కణాలకు చేరవేసే పని ఇన్సులిన్ చూసుకుంటుంది.

టైప్ 2 అనే రకం షుగర్ జబ్బులో ఆ ఇన్సులిన్ మాటను కణాలు సరిగా వినవు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, ఆ తర్వాత దాని శక్తి తగ్గుతుంది. టైప్ 1 కథ వేరు. అక్కడ ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరంలోని రక్షణ వ్యవస్థే నాశనం చేస్తుంది. బయటినుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే మనిషి బతకడు. ఈ తేడా తెలియకుండా ‘షుగర్‌కు ఈ ఆకు వాడండి’ అని సలహా ఇవ్వడం ప్రమాదకరం. టైప్ 1 ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపి కషాయం మొదలుపెడితే, రోజుల వ్యవధిలోనే రక్తంలో కీటోన్లు, అంటే చక్కెరకు బదులు కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోట్లోంచి పండిన పండు లాంటి వాసన వస్తాయి. అది కడుపు పాడై వచ్చిన వాంతి కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన స్థితి.

‘రాత్రి రెండు పుల్కాలే తిన్నాం, పొద్దున చూస్తే 170 ఉంది, ఎలా?’ అని చాలామంది అడుగుతారు. ఆ చక్కెర పుల్కాలది కాదు. రాత్రంతా మెదడుకు ఇంధనం అందాలి కాబట్టి కాలేయం నిల్వలోంచి గ్లూకోజు వదులుతూ ఉంటుంది. దాన్ని ఆపమని చెప్పేది ఇన్సులినే. ఆ మాట చేరకపోతే కాలేయం అవసరానికి మించి వదిలేస్తుంది. అందుకే రాత్రి భోజనం పూర్తిగా మానేసినా పరగడుపు లెక్క దిగకపోవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు.

లెక్కలు చదవడం

పరగడుపున 126 లేదా అంతకు మించి, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా అంతకు మించి, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే షుగర్ జబ్బు ఉన్నట్టే. లక్షణాలేమీ లేకపోతే ఒక్క పరీక్షతో తేల్చరు, మరోసారి చూసి నిర్ధారిస్తారు. పరగడుపు 100 నుంచి 125, రెండు గంటల లెక్క 140 నుంచి 199, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే అంచున ఉన్నట్టు. మూత్రంలో చక్కెర చూసుకుని ధైర్యం తెచ్చుకోకూడదు. రక్తంలో సుమారు 180 దాటితేనే మూత్రపిండాలు చక్కెరను బయటికి వదులుతాయి. చీమలు పట్టే మూత్రం అని మన పాత వైద్యులు మధుమేహాన్ని గుర్తించింది ఆ దశకు వచ్చాకే.

హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చెబుతుంది. 7 శాతం అంటే సగటున 154, 8 అంటే 183, 9 అంటే 212. మన ఇళ్లలో ఆడవాళ్లకు రక్తహీనత ఎక్కువ కాబట్టి ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. రక్తం బాగా పోయినా, కొత్తగా రక్తం ఎక్కించినా తక్కువ చూపిస్తుంది. గ్లూకోమీటరు అంకెలకూ, ల్యాబ్ హెచ్‌బీఏ1సీకీ పొంతన కుదరకపోతే ముందు హిమోగ్లోబిన్ చూడాలి.

గ్లూకోమీటరు కూడా బంగారం తూచే త్రాసు కాదు. 150 ఉన్న రక్తానికి అది 130 చూపినా, 170 చూపినా యంత్రం పాడైనట్టు కాదు, ఆ తేడా ప్రమాణాల లోపలిదే. మామిడిపండు కోసిన చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చితే మాత్రం అంకె అమాంతం లేస్తుంది. స్పిరిట్ కన్నా సబ్బు, నీళ్లు, పొడిగుడ్డ మేలు. గుచ్చాల్సింది వేలి కొసన కాదు, పక్కన. నొప్పి తక్కువగా ఉంటుంది.

మాత్ర కూడా ఒకప్పుడు మొక్కే

మాత్రలంటే రసాయనాలు, ఆకులంటే ప్రకృతి అనే విభజన షుగర్‌కు ఎక్కువగా రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర దగ్గరే కూలిపోతుంది. యూరప్‌లో గెలీగా అఫిసినాలిస్ అనే ఊదాపూల మొక్కను జానపద వైద్యంలో వాడేవారు. అందులో ఉన్న గ్వానిడిన్ జాతి పదార్థానికి చక్కెర తగ్గించే గుణం ఉందని తేలింది. కానీ మొక్కను నేరుగా వాడితే విషం. దాని మీద చాలాకాలం పనిచేస్తూ వచ్చిన రసాయనశాస్త్రం 1922లో మెట్‌ఫార్మిన్‌ను తయారుచేసింది. 1957లో ఫ్రాన్స్ వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. అలాగే గ్లిఫ్లోజిన్ అని ముగిసే పేర్లున్న మందులకు మూలం ఆపిల్ చెట్టు బెరడులోంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్. అంటే మొక్కల్లో గుణం లేదని ఏ వైద్యశాస్త్రమూ అనలేదు. ఎంత ఇస్తే ఎంత తగ్గుతుంది, ఎంత దాటితే హాని, ఎవరికి ఇవ్వకూడదు అన్న లెక్క తేలిన రోజున మొక్కలోని సరుకు మందయింది. ఏ మూలికనైనా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే గ్లూకోజును తగ్గిస్తుంది. మొదలుపెట్టేటప్పుడు రాత్రి భోజనంతో 500 మి.గ్రా., ఆ తర్వాత వారానికో 500 చొప్పున పెంచుతూ అవసరమైతే 2000 దాకా వెళ్తారు. మొదటి రోజే 1000 మింగి విరేచనాలు పట్టుకుని ‘ఈ మాత్ర పడలేదు’ అని మానేసేవారు ఎందరో. నిజానికి పడనిది మాత్ర కాదు, తొందర. నెమ్మదిగా కరిగే రకం మాత్రను చిదిమి, నమిలి మింగకూడదు. దాని డొల్ల మలంలో కనిపిస్తే మందు పనిచేయలేదని బెంగపడనక్కర లేదు, మందు లోపలే దిగి ఖాళీ గూడు మాత్రమే బయటికొచ్చింది. ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గుతుంది. కాళ్లు మంటలు, తిమ్మిర్లు వస్తే అంతా షుగర్ వల్లే అనుకోకుండా బీ12 చూపించుకోవాలి. మూత్రపిండాల వడపోత లెక్క (ఈజీఎఫ్‌ఆర్) 30 కిందికి పడితే మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. తీవ్రంగా వాంతులు, విరేచనాలు అవుతున్న రోజుల్లోనూ దాన్ని ఆపమంటారు.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి క్లోమాన్ని పిండి ఇన్సులిన్ రప్పిస్తాయి. చవక, చురుకు. కానీ తిండి తిన్నామా లేదా అన్నది వాటికి తెలియదు. ఏకాదశి ఉపవాసం ఉండి మాత్ర మాత్రం అలవాటుగా మింగితే షుగర్ పడిపోతుంది. తిండి లేకపోతే ఆ మాత్ర లేదు. శివరాత్రికైనా, రంజాన్ ఉపవాసాలకైనా ముందే డాక్టరుతో మోతాదు మార్పించుకోవాలి. గ్లిప్టిన్ అని ముగిసే పేర్లున్నవి మెత్తటి మందులు, ఒంటరిగా వాడితే షుగర్ పడిపోయేలా చేయడం అరుదు. గ్లిఫ్లోజిన్లు మిగులు చక్కెరను మూత్రంలోంచి పంపేస్తాయి, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తాయి. అయితే చక్కెర పోయే దారిలో ఫంగస్, దురద వస్తాయి కాబట్టి శుభ్రత ముఖ్యం. శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు వీటిని ఆపాలి. లేకపోతే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ముప్పు ఉంది. వారానికో సూదిగా వస్తున్న సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఆకలిని, బరువును, షుగర్‌ను మూడింటినీ తగ్గిస్తాయి. మోతాదు నెలకో మెట్టు చొప్పున పెంచకపోతే వాంతులు ఓర్చుకోవడం కష్టం.

మందులు వాడి లెక్క తగ్గించుకోవడం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు బ్రిటన్‌లో ఇరవై ఏళ్లు సాగిన అధ్యయనం జవాబిచ్చింది. దాని సమాచారంతో 2000లో వచ్చిన విశ్లేషణలో, హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువ ఉన్నకొద్దీ కన్ను, కిడ్నీ వంటి చోట్ల సన్నని రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయి.

ఇన్సులిన్: సీసా, సిరంజి రంగు

1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రవాడికి తొలి ఇన్సులిన్ సూది వేశారు. నూరేళ్లు దాటినా మన దగ్గర ఇన్సులిన్ విఫలమయ్యేది ఎక్కువగా మందులో లోపం వల్ల కాదు, వాడే తీరు వల్ల.

మన మెడికల్ షాపుల్లో దొరికే సీసా ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది, కొన్ని సీసాలు కూడా 100లో వస్తాయి. ఆ సిరంజి మూత నారింజ రంగు. డాక్టరు 20 యూనిట్లు రాశారు. ఇంట్లో 40 సీసా ఉంది, షాపులో 100 సిరంజి ఇచ్చారు. దానిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. షుగర్ తగ్గదు, డాక్టరు మోతాదు పెంచుతారు. తిరగబడితే మరీ ప్రమాదం. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. మనిషి స్పృహ తప్పుతాడు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అన్నది ప్రతిసారీ చూడాలి. కొత్త సిరంజి కొన్న రోజున తప్పకుండా చూడాలి.

పాలలా తెల్లగా మసకగా ఉండే ఇన్సులిన్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా ఇరవై సార్లు దొర్లించాలి. కుదిపితే నురగ వచ్చి మోతాదు తప్పుతుంది. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో, తలుపు అరలో ఉంచాలి. గడ్డకట్టే అరలో పెడితే పనికిరాదు. తెరిచిన సీసా 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారాల దాకా వాడవచ్చు. మే నెలలో మన ఇళ్లలో అంత చల్లని చోటు ఉండదు కాబట్టి, ఫ్రిజ్ లేనివారు పెద్ద కుండలో తడి ఇసుక పోసి దానిలో చిన్న కుండ పెట్టి అందులో దాచడం మంచి పద్ధతి.

బొడ్డుకు రెండంగుళాలు వదిలి పొట్ట మీద, తొడల మీద చోటు మారుస్తూ పొడుచుకోవాలి. నొప్పి లేదు కదా అని ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి వేసిన మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. షుగర్ కారణం లేకుండా ఎగుడుదిగుడుగా ఉంటే మోతాదు పెంచేముందు చేత్తో తడిమి చూడాలి.

షుగర్ 70 కిందికి పడితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, మాట తడబాటు వస్తాయి. వెంటనే మూడు టీ చెంచాల గ్లూకోజు పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. లడ్డూ, చాక్లెట్ పనికిరావు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార కూడా చాలదు. పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మందు అడ్డుకుంటుంది. వాళ్ల జేబులో గ్లూకోజు పొడే ఉండాలి. తన మాత్రలో ఏమేమి కలిసి ఉన్నాయో అట్ట మీద చదివి తెలుసుకోవాల్సిన అవసరం ఇలాంటి చోటే తెలుస్తుంది.

మెంతులు: చెంచా కాదు, గ్రాములు

మూలికల్లో అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది మన పోపుల డబ్బాలోనే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతుల మీద వరుసగా పరీక్షలు చేశారు. 1990లో ప్రచురించిన ఒక పరీక్షలో కొవ్వు తీసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం కలిపి పది రోజులు ఇచ్చారు. పరగడుపు షుగర్ తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. 2014లో పది పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలో పరగడుపు లెక్క సగటున 17, తిన్నాక చూసే లెక్క సుమారు 39 తగ్గాయి. అందులోని పరీక్షలు చాలావరకు చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం. అయినా ఒక సంగతి స్పష్టంగా తేలింది. రోజుకు 5 గ్రాములు, అంతకు మించి ఇచ్చిన చోటే ఫలితం కనిపించింది.

ఇప్పుడు ఇళ్లలో జరిగేది చూడండి. రాత్రి ఒక చెంచా మెంతులు నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు తాగి గింజలు పారబోస్తారు. టీ చెంచా మెంతులు 4 గ్రాములకు మించవు. మెంతుల బరువులో దాదాపు సగం పీచు. నీళ్లలో ఉబ్బి జిగురుగా మారి, పేగులో అన్నాన్ని చుట్టుకుని గ్లూకోజు దిగే వేగాన్ని తగ్గించేది ఆ పీచే. అది గింజలోనే ఉండిపోతుంది. పారబోసింది మందు, తాగింది దాని చేదు. పైగా పొద్దున పరగడుపున తాగిన నీళ్లు మధ్యాహ్నం అన్నాన్ని ఏం ఆపుతాయి?

కాబట్టి వాడదలచినవారు గింజలతో సహా, భోజనంతో కలిపి, తూకం వేసి వాడాలి. మొదటి వారం 5 గ్రాములు చాలు. ఎందుకంటే పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు తప్పవు. ఓర్చుకోగలిగితే వారానికి 5 గ్రాముల చొప్పున పెంచి 20, 25 గ్రాముల దాకా వెళ్లవచ్చు. అందులో సగం మధ్యాహ్నం, సగం రాత్రి. చేదు తగ్గాలంటే రాత్రంతా నానబెట్టి రుబ్బి మజ్జిగలో కలుపుకోవచ్చు. లేదా పొడిచేసి జొన్నపిండిలో, దోసెపిండిలో కలపవచ్చు. నూనెలో ఎర్రగా వేయించి నాలుగు గింజలు పోపులో వేస్తే రుచే తప్ప మోతాదు రాదు. జిగురు మిగతా మాత్రలు ఒంటబట్టడాన్ని ఆలస్యం చేయగలదు. కాబట్టి మాత్రలకూ మెంతులకూ రెండు గంటల ఎడం ఉంచాలి. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఆ వెంటనే మెంతినీళ్లు తాగకూడదు. వేరుసెనగ, సెనగలు పడనివారికి మెంతులూ పడకపోవచ్చు. గర్భిణులు కూరలో వేసుకునేంతకు మించి వాడకూడదు.

అడవి నుంచి వచ్చినవి

వేగిస చెక్కతో చేసిన గ్లాసులు జాతరల్లో, ఎగ్జిబిషన్లలో అమ్ముతారు. ఎర్రచందనానికి దాయాది చెట్టు ఇది, నల్లమలలోనూ పెరుగుతుంది. గ్లాసులో రాత్రి పోసిన నీళ్లు పొద్దునకు గోధుమ రంగుకు తిరిగి, వెలుతురులో నీలంగా మెరుస్తాయి. ఈ చెక్క మీద భారత వైద్య పరిశోధన మండలే పరీక్ష చేసి 1998లో ఫలితాలు ప్రచురించింది. కొత్తగా షుగర్ బయటపడిన 97 మందికి చెక్క సారాన్ని రోజుకు 2 నుంచి 4 గ్రాములు ఇస్తే, పన్నెండు వారాల్లో 67 మందికి అదుపులోకి వచ్చింది. వినడానికి గొప్పగా ఉంది. అయితే పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందం అందులో లేదు. వచ్చినవారికి షుగర్ మరీ ఎక్కువగా లేదు. ఇంతకన్నా ముఖ్యం, అక్కడ ఇచ్చింది తూచిన సారం. గ్లాసు కొత్తగా ఉన్నప్పుడు నీళ్లలోకి ఎంత దిగుతుందో, మూడు నెలలకు రంగు వెలిసిన గ్లాసులోంచి ఎంత దిగుతుందో ఎవరి లెక్కకూ అందదు.

పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంటుంది. అరగంటకు పైగా తీపి తెలియదు. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోటును మూసేస్తాయి. నాలుక మీద జరిగింది రక్తంలోనూ జరుగుతుందని నమ్మడం తేలిక, కానీ ఇవి రెండు వేర్వేరు సంగతులు. రక్తం సంగతి చూస్తే, మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లో ప్రచురించిన పనిలో టైప్ 2 ఉన్న 22 మందికి ఆకు సారం రోజుకు 400 మి.గ్రా., తమ మాత్రలతో పాటు, ఏడాదిన్నరకు పైగా ఇచ్చారు. హెచ్‌బీఏ1సీ తగ్గింది, ఐదుగురు మాత్రలు ఆపగలిగారు. ఆశ కలిగించే ఫలితమే. ఇంత చిన్న పరీక్షను పెద్ద ఎత్తున, గట్టి పద్ధతిలో మళ్లీ చేసి ఉంటే మన దేశానికి ఒక మందు దొరికేదో, ఒక భ్రమ తొలగేదో. ఇన్నేళ్లూ ఆ పని సరిగా జరగకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

కాకరకాయ కూరగాయగా ఎంతో మంచిది. 2011లో వచ్చిన ఒక పరీక్షలో ఎండు కాకర రోజుకు 2000 మి.గ్రా. ఇస్తే షుగర్ కొంత తగ్గింది గానీ, 1000 మి.గ్రా. మెట్‌ఫార్మిన్ తగ్గించినంత కాదు. పొద్దున్నే కాకర రసంలో ఆనపకాయ రసం కలిపి తాగే అలవాటు మాత్రం మానాలి. ఆనపకాయల్లో ఒక్కోటి చేదుగా ఉంటుంది. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం. ఆనపకాయ ఒక్కటే అయితే మొదటి గుక్కలోనే తెలిసి ఉమ్మేస్తారు. కాకర కలిస్తే చేదు కాకరదే అనుకుని తాగేస్తారు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాగే చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వ నిపుణుల సంఘం చేదు ఆనపకాయ రసం తాగవద్దని హెచ్చరించింది.

నేరేడు గింజల పొడి మీద మనుషుల్లో గట్టి పరీక్షలు తక్కువ. నేరేడు ఆకుల టీతో బ్రెజిల్‌లో చేసిన పరీక్షలో గుణం కనిపించలేదు. ‘ఇన్సులిన్ మొక్క’ ఆకులో ఇన్సులిన్ లేదు. ఉన్నా అది మాంసకృత్తి కాబట్టి పప్పు అరిగినట్టే కడుపులో అరిగిపోతుంది, అందుకే ఇన్సులిన్‌ను సూదిగా ఇస్తారు. దాల్చిన చెక్కలో మందంగా, గట్టిగా, ఒకే మడతతో ఉండేది కాసియా రకం. మన దుకాణాల్లో ఎక్కువగా ఉండేది అదే. అందులోని కౌమరిన్ కాలేయానికి చేటు. 60 కిలోల మనిషికి రోజుకు 6 మి.గ్రా. దాని హద్దు, చెంచాడు కాసియా పొడితోనే దాన్ని దాటవచ్చు. తిప్పతీగ కరోనా కాలంలో ఇంటింటా కషాయమైంది. ఆ తర్వాత దాని వల్ల కాలేయం దెబ్బతిన్నవారి గురించి ముంబై నుంచి, ఆపైన దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి వైద్యులు నివేదికలు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. దాన్ని పోలిన మరో తీగతో పొరబడటం కూడా ఒక కారణం కావచ్చు. ఏదేమైనా కామెర్లు వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు దాని జోలికి పోకూడదు.

మూడు రోజుల్లో తగ్గిందంటే

మూలికలేవీ మూడు రోజుల్లో 300ను 120కి తేలేవు. పేరు లేని పొట్లం అలా తెచ్చిందంటే అందులో ఆకు కాక మరేదో ఉందని అనుమానించాలి. 2008లో సింగపూర్‌లో మగతనానికని అమ్మిన నకిలీ, మూలికా మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసింది. షుగర్ లేని మనుషులు నూటికి పైగా స్పృహ తప్పే స్థితిలో ఆసుపత్రుల పాలయ్యారు, నలుగురు చనిపోయారు. అదే మాత్రను అప్పటికే గ్లిమెపిరైడ్ వాడుతున్న పెద్దాయనకు తెలియకుండా పొడిలో కలిపి ఇస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. కిడ్నీలు మందగించినవారిలో ఈ రకం మందుతో పడిపోయిన షుగర్, గ్లూకోజు ఇచ్చి లేపినా గంటల తర్వాత మళ్లీ పడిపోతుంది. కాబట్టి తేరుకున్నారు కదా అని ఇంటికి తీసుకురాకూడదు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం ప్రకారం నేరం. కరపత్రంలో ‘శాశ్వతంగా నయం’ అన్న మాట కనబడిందంటే, అమ్మేవాడు చట్టం దాటి మాట్లాడుతున్నాడని అర్థం.

కంచం

అన్నం మానేసి చిరుధాన్యాలకు మారితే చాలనుకోవడం పొరపాటు. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే రాగుల్లో 67, జొన్నల్లో 68 ఉంటుంది. అసలు తేడా పీచులో ఉంది. బియ్యంలో 3 గ్రాముల లోపు, రాగుల్లో 11, జొన్నల్లో 10. అందుకే జొన్నరొట్టె మేలు. అదే రాగిని మెత్తగా పిండిచేసి పలచటి జావ కాచి తాగితే నమలాల్సిన పని ఉండదు, పేగులోకి జారిపోయి షుగర్‌ను చకచకా లేపుతుంది. ముందు కూర, పప్పు, ఆకుకూర తిని, చివర్లో కొలిచిన అన్నం తినడం, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవడం పైసా ఖర్చు లేని మందులు. బరువు ఎక్కువ ఉండి, షుగర్ బయటపడి ఆరేళ్లు దాటనివారితో బ్రిటన్‌లో చేసిన పరీక్ష 2017లో వెలువడింది. బరువు గట్టిగా తగ్గించిన బృందంలో 46 శాతం మందికి ఏడాది చివర మందుల్లేకుండానే షుగర్ హద్దులోపలికి వచ్చింది. ఏ మూలికకూ ఇంతటి రుజువు లేదు.

వాడి చూడదలచినవారు

టైప్ 1 ఉన్నవారు, పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ, కాలేయ జబ్బులు ఉన్నవారు మూలిక వాడి చూసే పనికి దిగకూడదు. మిగిలినవారు డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. ఉన్న మాత్రలు ఒక్కటీ ఆపకూడదు.

ముందుగా రెండు వారాలు ఏ మూలికా లేకుండా, వారానికి మూడు రోజులు పరగడుపున, మధ్యాహ్న భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసి నోటుపుస్తకంలో రాయాలి. ఇది తప్పనిసరి. మామూలుగా జనం ఆకు మొదలుపెట్టేది షుగర్ బాగా పెరిగి భయపడిన రోజున. పెళ్లిభోజనం వల్లో, జ్వరం వల్లో పెరిగింది వారానికి తనంతట తాను దిగుతుంది, పేరు ఆకుకు వస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక్క మూలిక, ఒకే మోతాదు (మెంతులైతే మెల్లగా పెంచి నిలిపిన మోతాదు), ఒకే దుకాణం సరుకు, ఆరు వారాలు. మెంతులు, కాకర, పొడపత్రి మూడూ ఒకేసారి కలిపితే మేలు చేసింది ఏదో, హాని చేసింది ఏదో తెలియదు. తిండి, నడక మార్చకూడదు. పరగడుపు సగటు ముందుకన్నా 15, 20 అయినా తగ్గకపోతే అది గ్లూకోమీటరు ఊగిసలాటే తప్ప మూలిక గుణం కాదు, మానేయవచ్చు. తగ్గితే మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూపించాలి. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడేవారికి లెక్క 80 దగ్గరికి వస్తుంటే, తగ్గించాల్సింది ఏదో డాక్టరు నిర్ణయిస్తారు. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మూలిక ఆపాలి.

పొడులు, సారాలు వాడేవారు మొదలుపెట్టేముందు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. ఆకలి చచ్చిపోయి, ఒళ్లు దురద పెట్టి, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఆ రోజే మూలిక ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. పొట్లాన్ని పారేయకుండా మిగిలిన పొడితో సహా వెంట తీసుకెళ్లాలి. పేరు, తయారుచేసిన చోటు, బ్యాచ్ నంబరు ఉన్న ఆ కాగితం, అడుగున మిగిలిన చెంచాడు పొడి లేకపోతే, లోపలికి వెళ్లింది ఏమిటో, ఎంతో ఏ డాక్టరూ చెప్పలేరు.